పాత లారీ బ్రేకు కీచుమంటుంటే: లైనర్లు విప్పకముందే చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

పాత లారీ బ్రేకు అరుస్తోందంటే చాలా షెడ్లలో మొదట వినబడే మాట "లైనర్లు మార్చేద్దాం". మారుస్తారు. నెల తిరక్కుండానే అరుపు మళ్లీ మొదలవుతుంది. ఎందుకంటే తప్పు ఒక్క లైనరుది కాదు. చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె డ్రమ్ము, దాని లోపల తెరుచుకుని ఒత్తే వంపు ముక్క షూ, షూ మీద రివెట్లతో కొట్టిన రాపిడి పట్టీ లైనరు, షూలను తెరిచేది క్యామ్. లైనరు డ్రమ్ముకు నిండుగా ఆనకపోయినా, షూను పట్టి ఉంచే పిన్ను, బుష్షు, క్యామ్ వదులైనా పట్టు కుదురుగా ఉండదు. లైనరు పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు వందలసార్లు, కొన్నిసార్లు వేలసార్లు జరిగే ఈ వణుకునే డ్రమ్ము గంటలా మోగించి మన చెవిన వేస్తుంది. అరిగి పలచబడ్డ డ్రమ్ము కొత్తదానికంటే తొందరగా మోగుతుంది. అందుకే ఎక్కడ ఆనడం లేదో, ఎక్కడ వదులుందో కనిపెట్టకుండా లైనర్లు కొట్టించడం డబ్బు దండగ.

ఇక్కడ చెప్పేదంతా గాలి బ్రేకులు, ఎస్-క్యామ్ (S ఆకారపు క్యామ్), డ్రమ్ములు ఉన్న పాత టాటా, లేలాండ్ లారీల గురించి. ఆరు చక్రాలదైనా పది చక్రాలదైనా పద్ధతి ఒకటే. చిన్న బండ్ల ఆయిల్ బ్రేకుల సంగతి చివర్లో కొంచెం ఉంది.

మన రాయలసీమ వైపు తిరిగే బండ్లకు బ్రేకులు తొందరగా పాడవడానికి కారణాలు లేకపోలేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి దగ్గర నాపరాళ్ల లోడింగు చేసే బండి డ్రమ్ముల్లోకి సన్నటి రాతిపొడి చేరుతుంది. పాలిషింగ్ ఫ్యాక్టరీల దగ్గర పొడితోపాటు బురద కూడా పడుతుంది. అది ఆరి లైనరు అంచుల్లో, షూ కింద గట్టిగా పేరుకుంటుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు తోలే బండ్లదీ ఇదే గోస. మంగంపేట ముగ్గురాయిది, అంటే బెరైటీస్‌ది, ఇంకో రకం మోసం. అది మామూలు రాయికంటే చాలా బరువు, కాబట్టి బాడీ సగమే నిండినట్టు కనిపించినా టన్నులు మాత్రం పూర్తిగా ఎక్కేసి ఉంటాయి. ఆ బరువుతో రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాటు దిగుతూ పెడలు మీదే కాలు పెట్టి వస్తే, కిందికి చేరేలోపు లైనరులోని జిగురు కాలి పైకి తేలి గాజుపొరలా గట్టిపడుతుంది. ఆ మర్నాటి నుంచి బ్రేకు కీచుమంటుంది.

ముందు చెవులతో చూడాలి

పానా పట్టుకోకముందే అరుపు ఎప్పుడొస్తోందో డ్రైవరును, క్లీనరును విడివిడిగా అడగండి. ఇద్దరూ చెప్పింది కలిస్తే సగం పని అయినట్టే.

తెల్లారి మొదటి రెండు మూడు బ్రేకులకే అరిచి తర్వాత ఆగిపోతే అది డ్రమ్ములో రాత్రి మంచుకో వానకో పట్టిన తుప్పు. దానికి రిపేరు అక్కర్లేదు.

పెడలు మెల్లగా నొక్కితే కీచుమని, గట్టిగా తొక్కితే ఆగిపోతే ఎక్కువ భాగం లైనరు మీద గాజుపొర గానీ, దుమ్ము గానీ, లైనరు పూర్తిగా ఆనకపోవడం గానీ కారణం. దీనికి విరుద్ధంగా గట్టిగా తొక్కినకొద్దీ అరుపు పెరిగితే షూ ఒక చివరను పట్టి ఉంచే యాంకర్ పిన్ను బుష్షులు, క్యామ్‌ను తిప్పే క్యామ్ షాఫ్ట్ బుష్షులు చూడాలి. ఘాటు దిగి బ్రేకులు వేడెక్కాక మాత్రమే అరిస్తే డ్రమ్ములో కాలిన మచ్చలుంటాయి, లేదా బండి మోసే బరువుకు తగని రకం లైనరు వేసి ఉంటారు.

చక్రం ఒక్క తిప్పుకు ఒక్కసారి "కీచ్" అని, వేగం పెరిగినకొద్దీ ఆ కీచులు దగ్గరవుతుంటే డ్రమ్ము గుండ్రం పోయింది. ఆగబోయే ముందు గుర్రుమని మూలిగితే లైనరుకు ఆయిలో గ్రీసో తగిలి ఉంటుంది. గరగరమని లోహం మీద లోహం రాసినట్టుంటే రివెట్లు డ్రమ్మును తింటున్నాయి. ఆ బండిని అక్కడే ఆపాలి, "షెడ్డు దాకా పోనిద్దాం" అనుకోకూడదు.

పెడలు తొక్కకుండానే అరుపు వస్తుంటే రెండు దారులున్నాయి. షూ వెనక్కి రాకుండా డ్రమ్మును రాస్తూ ఉండవచ్చు. రిటర్న్ స్ప్రింగు సడలడం, క్యామ్ షాఫ్ట్ పట్టేయడం, షూకూ డ్రమ్ముకూ మధ్య సందు సర్దే అడ్జస్టరును ఎక్కువ బిగించడం, గాలి కారి పార్కింగ్ బ్రేకు పూర్తిగా వదలకపోవడం వల్ల ఇలా అవుతుంది. లేదా అది బ్రేకే కాదు. గేరుబాక్సు నుంచి వెనక యాక్సిలుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులో (క్రాస్‌లో) గ్రీసు ఆరిపోతే అచ్చం బ్రేకులాగే కీచుమంటుంది. అది పెడలుతో మారదు, బండి వేగంతో మారుతుంది. రెండు పంపుల గ్రీసుతో పోయే శబ్దానికి డ్రమ్ములు విప్పించుకున్నవాళ్లు తక్కువేమీ లేరు.

ఏ చక్రం?

లోపల కూర్చుని విన్న అరుపు ఎడమదో కుడిదో చెప్పడం కష్టం, ఛాసిస్ దాన్ని ఎటైనా మోసుకొస్తుంది. బండి ఖాళీ చేసి, జనం లేని చదును రోడ్డు మీద గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంలో మెల్లగా బ్రేకు వేయించండి. ఒకరు రోడ్డు అంచున, బండికి ఎడంగా నిలబడి వినాలి. తర్వాత రెండోవైపు నుంచి వినాలి.

దీనితోపాటు వేడి చూడాలి. ఐదారుసార్లు బ్రేకు వేసి ఆపిన వెంటనే దూరం నుంచి వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్రతి డ్రమ్మునూ చూసి రాసుకోండి. చేయి పెట్టి చూడొద్దు, చర్మం అతుక్కుంటుంది. ఒకే యాక్సిలు మీద ఎడమ, కుడి డ్రమ్ములు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకవైపు 90 డిగ్రీలు, ఇంకోవైపు 160 చూపిస్తే ఏదో తేడా ఉంది. చాలామంది వేడెక్కినదాన్నే విప్పుతారు. చల్లగా ఉన్న చక్రం బ్రేకు పట్టకపోవడం వల్ల దాని పని కూడా ఇదే చేస్తూ వేడెక్కి ఉండవచ్చు. అరుపు వేడి చక్రంలో ఉన్నా జబ్బు చల్ల చక్రంలో ఉండవచ్చు. అందుకే రెండూ చూడాలి.

రాడ్డు కొలత

విప్పకముందే చేయాల్సిన పని ఇది, కానీ ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. బండిని చదునులో పెట్టి, ముందు వెనక చక్రాలకు గట్టి అడ్డుకట్టెలు పెట్టి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదలాలి. గాలి గేజి చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 7 కిలోల మధ్య ఉండాలి. గాలి ఒత్తిడితో రాడ్డును తోసే డబ్బానే బూస్టరు. బూస్టరులోంచి బయటికొచ్చే రాడ్డు మీద, బూస్టరు ముఖం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. ఒకరు పెడలు పూర్తిగా తొక్కి పట్టుకుంటే గీత ఎంత ముందుకొచ్చిందో టేపుతో కొలవండి.

బూస్టరు మీద సైజు 20, 24, 30 అని ఉంటుంది. మామూలు రకం 20, 24 సైజులకు రాడ్డు 45 మిల్లీమీటర్లు, 30 సైజుకు 51 మిల్లీమీటర్లు దాటితే బ్రేకు అడ్జస్టుమెంటు తప్పినట్టు. పొడుగు స్ట్రోకు (రాడ్డు ఎక్కువ దూరం నడిచే) బూస్టర్లకు లెక్క వేరు, మీ బండి మాన్యువల్లో వేరే కొలత ఉంటే అదే పట్టుకోవాలి. రాడ్డు ఆ చివరి కొలత దాకా వచ్చేంతవరకు ఆగొద్దు. ఒకే యాక్సిలుకు ఎడమ కుడి తేడా 6 మిల్లీమీటర్లలోపు ఉండేట్టు చూసుకోండి. తేడా ఎక్కువుంటే ఒక చక్రం ముందు పట్టి, ఎక్కువ కాలి, గాజుపొర కట్టి అరుస్తుంది.

రాడ్డు బయటికొచ్చి ఆగిన చోట రాడ్డుకు, అది తోసే స్లాక్ అడ్జస్టరుకు (పైన చెప్పిన అడ్జస్టరు ఇదే) మధ్య కోణం దాదాపు మూలమట్టంగా ఉండాలి. అది దాటి వాలిపోయి ఉంటే ఎవరో వేరే బండి అడ్జస్టరో, పొడుగు తప్పిన రాడ్డో వేశారు. పాత బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పాడు అలవాటు గురించి చెప్పాలి. అరిచే చక్రం అడ్జస్టరును రెండు మూడు తిప్పులు వదులు చేస్తే అరుపు ఆగుతుంది. ఆగుతుంది నిజమే, ఆ చక్రం ఇక బ్రేకు పట్టదు కాబట్టి. లోడుతో ఘాటు దిగేటప్పుడు దాని బరువంతా మిగతా చక్రాల మీద పడుతుంది. అరిచే బ్రేకుతోనైనా షెడ్డు దాకా మెల్లగా పోవచ్చు కానీ, వదులు చేసిన బ్రేకుతో గువ్వలచెరువు గానీ, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాటు గానీ దిగకూడదు.

విప్పేటప్పుడు

వీల్ నట్లు చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. యాక్సిలు కింద ఇనుప స్టాండు గానీ, అడ్డంగా పేర్చిన గట్టి దుంగలు గానీ పెట్టకుండా ఒట్టి జాకీ మీద నమ్మకంతో చక్రం కింద చేయి పెట్టవద్దు.

వెనక బూస్టరు రెండు డబ్బాలు అతికించినట్టు పొడుగ్గా ఉంటే వెనక డబ్బాలో పార్కింగ్ స్ప్రింగు ఉంటుంది. గాలి తీసేస్తే ఆ స్ప్రింగే బ్రేకు పట్టిస్తుంది, డ్రమ్ము రాదు. దాన్ని కేజింగ్ బోల్టుతో వెనక్కి లాగి బంధించి, తర్వాతే పని మొదలుపెట్టాలి. ఆ వెనక డబ్బా క్లాంపును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు. వందల కిలోల బలంతో నొక్కి పెట్టిన స్ప్రింగు అది, ఊడితే మనిషి ప్రాణం తీస్తుంది. అది పాడైతే మొత్తం బూస్టరే మార్చాలి.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకముందు అడ్జస్టరు వదులు చేయండి. చేత్తో తిప్పే రకమైతే తాళపు కాలరును రింగు స్పానరుతో లోపలికి నొక్కి పట్టి నట్టు తిప్పాలి. ఏ వైపు తిప్పితే క్యామ్ షూలను దగ్గరకు వదులుతుందో కంటితో చూసి తిప్పండి. డ్రమ్ము అంచున లైనరు తాకనిచోట మెట్టు లేచి ఉంటుంది, షూలు దాని వెనక చిక్కుకుంటాయి.

డ్రమ్ము రాగానే ఎయిర్ పైపుతో పొడి ఊదేయడం షెడ్లలో రోజూ జరిగే పని. మానేయాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత బయటపడే జబ్బులు తెస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, నీళ్లు చల్లి తడిబట్టతో తుడిచి, ఆ బట్టను సంచిలో కట్టి పారేయండి.

లైనరు ఏం చెబుతోంది

రెండు చక్రాల లైనర్లూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడండి. అరిగిన తీరులోనే కారణం ఉంటుంది.

నల్లగా అద్దంలా మెరుస్తుంటే గాజుపొర. పొర పలచగా ఉండి, లైనరు మందం బాగుంటే 60 లేదా 80 నంబరు ఎమరీ పేపరును చదును చెక్కకు చుట్టి, మెరుపు పోయి గరుకు కనబడేదాకా ముఖమంతా సమానంగా రుద్దితే సరిపోతుంది. గ్రైండరు పెట్టొద్దు, అది గుంతలు చేసి వంపు పాడుచేస్తుంది. గీకినా లోపల నల్లగా, పొడిపొడిగా రాలుతుంటే, అడ్డంగా పగుళ్లుంటే లైనరు కాలిపోయింది, మార్చాల్సిందే.

తడిగా, జిగటగా, మరకలుగా ఉంటే నూనె తగిలింది. పెట్రోలుతో కడిగి, మంట చూపించి మళ్లీ వేయడం మామూలే కానీ పనికిరాదు. లైనరు నూనెను పీల్చుకుంటుంది, వేడెక్కగానే మళ్లీ కక్కుతుంది. ఆ యాక్సిలు రెండువైపులా లైనర్లు మార్చాలి, అంతకంటే ముందు నూనె ఎక్కడినుంచి వచ్చిందో తేల్చాలి. గేరు ఆయిలు వాసన వస్తే వెనక హబ్బు ఆయిల్ సీలు పోయింది. సీలు వేసేముందు యాక్సిలు మీది బ్రీదరు తీసి చూడండి. మన దుమ్ముకు అది పూడుకుపోతే, యాక్సిలు వేడెక్కినప్పుడు లోపలి గాలికి బయటికి దారిలేక ఆయిలును సీలు మీదకు తోస్తుంది. బ్రీదరు శుభ్రం చేయకుండా మార్చిన సీలు మళ్లీ కారుతుంది. ఆయిలు లెవెలు కంటే ఎక్కువ పోసినా అంతే.

గ్రీసు అయితే ఎక్కువ భాగం క్యామ్ షాఫ్ట్ నుంచి వస్తుంది. క్యామ్ ట్యూబుకు గ్రీసు కొట్టేటప్పుడు అది అడ్జస్టరు వైపు నుంచి బయటికి రావాలి. క్యామ్ తల వైపు నుంచి, అంటే షూల వైపు వస్తుంటే ఆ వైపు సీలు పోయింది, లేదా తిరగేసి వేశారు.

ఒకే షూ లైనరు లోపలి అంచు మందంగా, బయటి అంచు పలచగా ఏటవాలుగా అరిగిందంటే షూ వంకరగా కూర్చుంటోంది. యాంకర్ పిన్ను బుష్షు, క్యామ్ బుష్షు అరగడం గానీ, హబ్బు బేరింగు వదులు కావడం గానీ, డ్రమ్ము నోరు వెడల్పు కావడం గానీ కారణం. ఇలాంటి బండికి కొత్త లైనరు వేస్తే మొదటి రోజే అరుస్తుంది.

మధ్యలో మాత్రమే మెరిసి రెండు చివరలూ గరుకుగా ఉండిపోయాయంటే లైనరు వంపుకంటే డ్రమ్ము పెద్దది. దీని గురించి కింద వివరంగా ఉంది, ఎందుకంటే పాత లారీల్లో అరుపుకు ఇదే అసలు దొంగ.

లైనరు ఎప్పుడు మార్చాలి? చాలా లైనర్ల పక్క అంచున అరుగుదల గీతో మెట్టో ఉంటుంది, అది చేరితే మార్చండి. గీత లేకపోతే షూ మధ్యలో మందం 6, 7 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు. అంతకంటే ముందే ఏదైనా రివెట్టు తల పైముఖానికి 1 మిల్లీమీటరు లోతు కూడా లేకుండా వస్తే ఇక ఆగొద్దు.

డ్రమ్ము

తడిబట్టతో తుడిచాక వేలిగోరు అడ్డంగా రాయండి. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వేడికి వచ్చినవి, పైపైన ఉంటే పర్వాలేదు. గోరు చిక్కుకునేంత పగులు, లేదా అంచుదాకా పోయిన పగులు ఉంటే ఆ డ్రమ్ము తుక్కుకే. వేడి డ్రమ్ము మీద నీళ్లు కొట్టే అలవాటుతో వచ్చే పగుళ్లు ఇలాంటివే. ఘాటు దిగి ఆపినప్పుడు చక్రాలకు బకెట్లతో నీళ్లు పోయడం మానండి.

నీలం, నలుపు మచ్చలు కనిపిస్తే అక్కడ ఇనుము కాలి గట్టిపడింది. లైనరు ఆ మచ్చ మీద జారి, పక్కన పట్టి, చక్రం తిరిగినప్పుడల్లా అరుస్తుంది. లేతు మీద తిప్పి చెక్కితే (టర్నింగు) కొన్నిసార్లు పోతాయి, కొన్నిసార్లు టూలు మచ్చ మీద ఎగిరి అక్కడ బొడిపె మిగులుతుంది. బొడిపె మిగిలితే డ్రమ్ము మార్చడమే.

లోపలి వ్యాసాన్ని నాలుగు దిక్కుల్లో, లోపలి అంచు దగ్గరా నోటి దగ్గరా కొలవండి. దిక్కుల మధ్య తేడా 0.25 మిల్లీమీటరు దాటితే టర్నింగు అవసరం. ఎంతవరకు తిప్పవచ్చో డ్రమ్ము మీదే గరిష్ఠ వ్యాసంగా పోత పోసి ఉంటుంది, చెరిగిపోతే మీ మోడలు మాన్యువల్లో చూడండి. ఆ హద్దు దాటాక తిప్పించొద్దు. పలచని డ్రమ్ము వేడిని దాచుకోలేదు, లోడులో వ్యాకోచించి రాడ్డును చివరిదాకా లాగుతుంది, పైగా ఎక్కువ మోగుతుంది. వీలైతే డ్రమ్మును హబ్బుకు బిగించే లేతు మీద పెట్టించండి. ఒట్టి డ్రమ్మును చక్కు మీద పట్టి తిప్పితే అక్కడ గుండ్రంగా వస్తుంది కానీ హబ్బు మీదకు వచ్చేసరికి వంకర పోవచ్చు. ఒక యాక్సిలుకు రెండు డ్రమ్ములూ ఒకే కొలతకు తిప్పాలి.

కొత్త డ్రమ్ము వేస్తుంటే తుప్పు పట్టకుండా పూసిన నూనెను సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా తుడిచాకే ఎక్కించాలి.

లైనరు, డ్రమ్ము వంపు కుదరడం

డ్రమ్మును తిప్పితే వ్యాసం పెరుగుతుంది. వ్యాసం 2 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాసార్ధం 1 మిల్లీమీటరు పెరిగినట్టు, కాబట్టి ప్రతి షూ మీద లైనరు 1 మిల్లీమీటరు మందంగా ఉండాలి. అందుకే లైనర్లు స్టాండర్డు, ఓవర్‌సైజు అని వస్తాయి. తిప్పిన డ్రమ్ములో స్టాండర్డు లైనరు వేస్తే అది మధ్యలో చిన్న పట్టీ మేరకే ఆనుతుంది. ఆ కొంచెం చోటే బరువంతా మోసి కాలిపోయి, గాజుపొర కట్టి, అరుస్తుంది. దీనికంటే పెద్ద తప్పు లైనరు రెండు చివరలూ ముందు తగలడం. అప్పుడు బ్రేకు లాగి పట్టుకుంటుంది, వణుకు ఇంకా పెద్దదవుతుంది.

పరీక్ష తేలిక. లైనరు కొట్టించిన షూను డ్రమ్ము లోపల చేత్తో ఆనించి పట్టుకుని, సందు కొలిచే పలచటి రేకుల ఫీలరు గేజితో చూడండి. మధ్యలో గేజి దూరకూడదు. రెండు చివర్లలో 0.2 మిల్లీమీటరు దాకా దూరినా ఫరవాలేదు, కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుంటుంది. మధ్యలో సందు ఉండి చివర్లు తగులుతుంటే షూను వెనక్కి పంపి గ్రైండింగ్ చేయించండి. గేజి లేకపోతే డ్రమ్ము లోపల సుద్ద పూసి, షూ ఆనించి కొంచెం జరిపి తీయండి. సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే ఆనుతోంది.

లైనరు కొట్టించేటప్పుడు దగ్గర నిలబడి చూడాల్సినవి ఇవి. షూ ముఖం మీద తుప్పు, పాత జిగురు పూర్తిగా గీకాలి. షూ వంగిందేమో పాత డ్రమ్ములో పెట్టి చూడాలి. రివెట్లు మధ్యలో మొదలుపెట్టి రెండు చివరలకు పోవాలి, చివర్లనుంచి కొడితే మధ్యలో లైనరు ఉబ్బి నిలుస్తుంది. కొట్టాక లైనరుకూ షూకూ మధ్య 0.1 మిల్లీమీటరు గేజి ఎక్కడా దూరకూడదు. దూరితే ఆ సందులోనే లైనరు కొట్టుకుని కీచుమంటుంది. లైనరు రెండు చివర్ల పదును అంచును ఏటవాలుగా కొంచెం తీసేస్తే అరుపు తగ్గుతుంది. చాలా కంపెనీ లైనర్లు అలాగే వస్తాయి.

హాక్సా బ్లేడుతో లైనరు మీద అడ్డగాట్లు పెట్టడం రోడ్డు పక్క చిట్కా. పది రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, తర్వాత గాట్లలో రాతిపొడి నిండి డ్రమ్మును గీస్తుంది.

రకం విషయంలో రాజీ పడొద్దు. ఒక యాక్సిలు మీద నాలుగు షూలకూ ఒకే కంపెనీ, ఒకే నంబరు లైనరు ఉండాలి. ఎడమన మిగిలిన పాత జత, కుడిన కొత్త జత వేస్తే పట్టు తేడా వచ్చి బండి లాగుతుంది, అరుస్తుంది కూడా. తక్కువ ధర చూసి పేరులేని లైనరు కొంటే ఘాటులో ఆ తేడా తెలుస్తుంది.

షూను పట్టి ఉంచేవి

క్యామ్ షాఫ్ట్ తలను చేత్తో పైకి కిందికి ఆడించండి. డయల్ గేజి పెట్టి చూస్తే ఆట 0.75 మిల్లీమీటరు దాటకూడదు, దాటితే బుష్షులు మార్చాలి. క్యామ్ మీద రోలర్లు గుండ్రంగా తిరగాలి. ఒకవైపు చదునుగా అరిగినవి మార్చండి. రోలరు పిన్నుకు, అది షూలో కూర్చునే గాడికి కొంచెం గ్రీసు రాయాలి. క్యామ్‌ను తాకే రోలరు ముఖానికి మాత్రం రాయొద్దు, రాస్తే రోలరు దొర్లకుండా జారుతూ ఒకేచోట అరిగిపోతుంది.

యాంకర్ పిన్నులు, వాటి బుష్షులు తుప్పు పట్టి బిగుసుకుపోతే షూ సరిగా తెరుచుకోదు, వదులైతే కొట్టుకుంటుంది. రెండూ అరుపే. రిటర్న్ స్ప్రింగులను లైనర్లు మార్చిన ప్రతిసారీ మార్చండి. ఘాటు వేడికి సడలిన స్ప్రింగు చూపుకు బాగానే ఉంటుంది, షూను మాత్రం పూర్తిగా వెనక్కి లాగదు. బ్రేకు ప్లేటు బోల్టులు, బూస్టరు బ్రాకెట్టు బోల్టులు కూడా పానాతో ఒకసారి చూడాలి. హబ్బు బేరింగు ఆట గడ్డపారతో టైరును ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

అడ్జస్టుమెంటు, తర్వాత పదును పట్టించడం

అన్నీ బిగించాక, చేత్తో తిప్పే అడ్జస్టరును షూలు డ్రమ్మును గట్టిగా తాకేదాకా బిగించి, పావు నుంచి అర తిప్పు వెనక్కి వదలండి. చక్రం చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. తాళపు కాలరు బయటికి ఎగిరి నట్టును పట్టిందో లేదో తప్పక చూడండి, లేకపోతే దారిలో అడ్జస్టుమెంటు తానే వదులవుతుంది. తర్వాత సుద్ద గీత పద్ధతిలో రాడ్డు మళ్లీ కొలిచి రెండువైపులా సరిపోల్చండి. దానంతట అదే సర్దుకునే అడ్జస్టరు ఉన్న బండిలో రాడ్డు మళ్లీ మళ్లీ పొడుగవుతుంటే దాన్ని చేత్తో బిగిస్తూ పోవద్దు. అడ్జస్టరో, క్యామ్ బుష్షో పాడైందని అర్థం.

కొత్త లైనరుతో వెంటనే లోడు ఎక్కించి ఘాటుకు పోతే మొదటి రోజే గాజుపొర కడుతుంది. ఖాళీ బండితో, రద్దీ లేని చదును రోడ్డు మీద 40 వేగం నుంచి 20కి మెల్లగా తగ్గించి, అర కిలోమీటరు చల్లారనిచ్చి, మళ్లీ తగ్గించాలి. ఇలా పదిహేను ఇరవైసార్లు. పూర్తిగా ఆపి పెడలు పట్టుకుని నిలబడొద్దు, వేడి లైనరు డ్రమ్ముకు అంటి మచ్చ పడుతుంది. ఈ దశలో వచ్చే చిన్న కీచులు చాలావరకు 300, 400 కిలోమీటర్లలో పోతాయి.

ఘాటులో ఎక్కేటప్పుడు ఏ గేరు పెట్టారో దిగేటప్పుడూ అదే గేరు, లేదా ఒకటి తక్కువ. ఇంజను పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే మొదట దాన్ని వాడాలి. పెడలు మీద కాలు ఆనించి జారుతూ రావడం కన్నా వేగం పెరిగినప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కి తగ్గించి, పూర్తిగా వదిలేయడం మేలు. మధ్యలో డ్రమ్ముకు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

ఆయిల్ బ్రేకులున్న చిన్న బండ్లలో కథ కొంచెం వేరు. వెనక డ్రమ్ములో వీల్ సిలిండరు కారి లైనరును తడుపుతుందేమో ముందు చూడాలి. షూ అంచులు బ్రేకు ప్లేటును రాసే చోట్ల తుప్పు గీకి, వేడికి కరగని గ్రీసు అతి పలచగా రాయాలి. ముందు డిస్కులుంటే ప్యాడ్ల వెనక పలచటి రేకులు ఉన్నాయా, క్యాలిపరు జారే పిన్నులు బిగుసుకున్నాయా చూడండి. చాలా అరుపులు అక్కడే తేలిపోతాయి.

చివరగా వీల్ నట్లు. టార్కు రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు, ఎదురెదురుగా బిగించాలి. ఎక్కువ తక్కువగా బిగిస్తే డ్రమ్ము కొంచెం వంగి, అన్ని పనులూ సరిగా చేసినా చక్రం తిప్పుకొక్కసారి కీచుమంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి, అదే పూట రాడ్డు కొలత కూడా చూసుకోండి.